పత్తి గదిలో ఎలుకలు

కాకర్లవారిపాలెం,
5-12-1999, ఆదివారం

పిన్నీ,

నేను శ్రీరమ్యని. మీ అక్క సుబ్బరావమ్మ పెద్దకూతుర్ని. నువ్వు నన్ను చూసి చాలా ఏళ్ళయింది కాబట్టి ఇలా పరిచయం చేసుకోవాల్సి వస్తోంది. ఇప్పుడు ఇంకొల్లు హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. తెలుగులో ఫస్టు. లెక్కల సంగతి అడగొద్దు.

వారపత్రికలో కథల పక్కన బొమ్మల కింద 'ఈశ్వరి' అని చిన్న సంతకం ఉంటుంది కదా, అది నువ్వేనని అమ్మ వల్ల తెలిసింది. ఒకరోజు శనగపప్పు పొట్లం విప్పి, ఆ కాయితం మీద బొమ్మ చూసి, "మా కోటేశ్వరి ఇంకా మనుషుల కాళ్ళు పొడుగ్గానే గీస్తోంది" అంది. కాయితం మాత్రం పారెయ్యలేదు. మీరిద్దరూ ఎందుకు మాట్లాడుకోరో నాకు ఎవరూ చెప్పరు.

అసలు విషయం రాయడానికి చెయ్యి ఆడటం లేదు. అయినా రాస్తాను. నేను పెద్దమనిషినయ్యాను. దసరా సెలవుల్లో. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నా పక్కన కూర్చునే ఖుర్షిదాకి ఒక్కదానికే తెలుసు.

ఎందుకు చెప్పలేదంటే దీప్తక్క వల్ల. మా పెదనాన్న కూతురు. నిరుడు తను పెద్దమనిషైతే తాటాకు చాప మీద కూర్చోబెట్టారు, చిమ్మిలి తినిపించారు, మైకు పెట్టి ఫంక్షను చేశారు. తర్వాత ఒక్కరోజు కూడా బడికి పంపలేదు. ఈడొచ్చిన పిల్ల ఆటోకి వేలాడుతూ ఇంకొల్లు దాకా వెళ్ళేదేమిటని తీర్పు చెప్పింది వేరే ఎవరో కాదు, మా నాన్న. ఊళ్ళో గట్టు తగాదాలైనా, అన్నదమ్ముల పంపకాలైనా నాన్న దగ్గరికే వస్తారు. ఒకసారి చెప్పిన మాట నాన్న వెనక్కి తీసుకోడు. దీప్తక్కకి చెప్పిన తీర్పే నాకూ చెప్తాడు.

పిన్నీ, నాకు మాటలంటే ఇష్టం. నచ్చిన మాట కనబడితే రోజంతా నోట్లో వేసుకుని చప్పరిస్తాను. ఈ మధ్య ఒక మాట మాత్రం గొంతులో అడ్డం పడింది. మా నాన్న ఊరికి పెద్దమనిషి. ఆయన అలా కావడానికి జుట్టు నెరిసేదాకా పట్టింది. నేను ఒక్క పొద్దున్నే అయిపోయాను. ఆయన అయ్యాక ఊరంతా ఆయన అరుగు దగ్గరికి వచ్చింది. నన్నేమో మూల కూర్చోబెడతారు. మాట మాత్రం ఒకటే.

ఎప్పటిదాకా దాచగలను? రోజూ పొద్దున లేవగానే ముందు భయమే లేస్తుంది, ఆ తర్వాత నేను.

ఇంటి కబుర్లు: పత్తి మొదటి తీత అయింది. వీధి వైపు గది నిండా పోశారు. అందులో ఎలుకలు పడ్డాయని నాయనమ్మ పున్నమ్మ బోను పెట్టింది. ఎలుక దొరికితే పెంచుకుంటానని మా చెల్లి హారిక బోను చుట్టూ తిరుగుతోంది. దానికి ఆరేళ్ళు.

జవాబు రాస్తే ఖుర్షిదా పేరు మీద, ఖాదర్ వలిగారి సైకిల్ షాపు అని రాయి. వాళ్ళ నాన్న కవర్లు విప్పడు.

జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టుకునుండే
శ్రీరమ్య


హైదరాబాదు,
16-12-1999

రమ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో అందరి ముందూ విప్పాను. రెండో పేరా దాటాక లేచి మెట్ల మీదకి వెళ్ళి చదువుకున్నాను. నాకు ఉత్తరాలు రావు. వచ్చినా బొమ్మలో చీరకి అంచు తప్పు వేశానని పాఠకులు రాసేవే.

ముందు ముఖ్యమైన మాట. గుడ్డలు ఉతికి ఎండలోనే ఆరెయ్యాలి, చీకట్లో దాచకూడదు. కడుపునొప్పి ఎక్కువైతే మాత్రం బడి పోతుందని చూడకుండా ఎవరికైనా చెప్పు.

మీ అమ్మకి చెప్పమని రాయాలి. రాయలేకపోతున్నాను. మీ అమ్మకి తెలిస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఇంతకంటే అడక్కు.

నేనూ అలాగే ఎనిమిదిలో ఆగిపోయాను. తర్వాత ఇంట్లో కూర్చుని ముగ్గులు వేశాను. ముగ్గులు చూసి చీరాల నుంచి ఒకాయన చీరల డిజైన్లు వెయ్యమని గ్రాఫు కాయితాలు ఇచ్చాడు. ఒక్కో గడీ ఒక్కో పోగు. ఒక గడి తప్పితే మగ్గం మీద హంసకి మెడ విరిగిపోతుంది. ఆ గళ్ళు నింపుతూ నింపుతూ ఒకరోజు గళ్ళలో హంసల బదులు మనుషుల్ని గీశాను. మాట్లాడుకునే మనుషుల్ని. చీరాలాయన తిట్టాడు. అదే నా మొదటి బొమ్మల కథ. పెళ్ళి సంబంధం కాదని హైదరాబాదు బయలుదేరినప్పుడు సంచిలో ఆ కాయితాలే ఉన్నాయి.

ఇప్పుడు నీకొక సంగతి చెప్తాను. వారానికొక పేజీ చొప్పున బొమ్మల నవల వెయ్యనివ్వమని మా ఎడిటర్ గారిని మూడేళ్ళుగా అడుగుతున్నాను. అవి చిన్నపిల్లల పత్రికలకి కదమ్మా అంటాడు. చిన్నపిల్లలు పెద్దవాళ్ళయ్యే వయసు గురించే, పెద్దవాళ్ళ కోసం గీస్తానంటాను. ఆ వయసులో ఏముంది గియ్యడానికి అంటాడు. పోయిన వారం, ఎందుకో, సరే అన్నాడు. కథ నా దగ్గర ఉంది. పేరే లేదు. నీ ఉత్తరంలో దొరికింది. 'పెద్దమనిషి'. వాడుకోనా?

నీ గురించి ఒక్క గీత కూడా ఉండదు. రాజ్యం అనే పిల్ల, ఇరవయ్యేళ్ళ కిందటి కథ. ఒట్టు.

నీ పిన్ని
కోటేశ్వరి

తా.క. కాళ్ళు పొడుగ్గా గీయడం నా స్టైలు అని మీ అమ్మతో అనకు.


కాకర్లవారిపాలెం,
13-2-2000, ఆదివారం

పిన్నీ,

పేరు వాడుకోమని జవాబు రాసిన నా చేతిని నేనే కొట్టుకోవాలి. జరిగింది విను.

మొదటి పేజీ వచ్చిన గురువారం నాన్న ఇంకొల్లులో మందుల షాపు దగ్గర పత్రిక చూశాడు. పైన పెద్దక్షరాలతో 'పెద్దమనిషి'. కింద మంచం మీద కూర్చుని తగాదా తీరుస్తున్న మీసాలాయన. పక్కన ఈశ్వరి అని నీ పేరు. ఇంకేముంది? పత్రిక కొనుక్కుని, ఆటోలో ఊరంతా చెప్పుకుంటూ వచ్చాడు. "మా మరదలు నా మీద కథ గీస్తోందిరా" అని. నీ పేరు ఎత్తితే ముఖం తిప్పుకునే మనిషి నిన్ను మరదలు అన్నాడు పిన్నీ. నాయనమ్మ కూడా ఆశ్చర్యపోయింది.

నాన్నకి దగ్గరి అక్షరాలు ఆనవు. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలాడంటారని పెట్టుకోడు. అందుకని ప్రతి గురువారం సాయంత్రం ఖాదర్ వలిగారి సైకిల్ షాపు ముందు కూర్చుని, "ఏమ్మా రమ్యా, నా కథ చదువు" అంటాడు. నాన్న, ఖాదర్ వలిగారు, మరో నలుగురు. హారిక నాన్న ఒళ్ళో. మొదటి పేజీ బాగానే చదివాను. రెండో పేజీలో మంచం వెనక కిటికీలోంచి చూస్తున్న రాజ్యం కనబడింది. దాని మాటల బుడగలో 'ఆయన పెద్దమనిషి. నేనూ రేపో మాపో అవుతానట' అని ఉంది. ఆ గడి వదిలేసి చదివాను.

"ఆ పిల్లెవరు?" అన్నాడు నాన్న.

"ఆయన కూతురు" అన్నాను.

"మరి నీకు జడలు రెండు కదా, దీనికి ఒకటే వేసిందేం?" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి వాంతి చేసుకున్నాను.

ముందు ముందు ఏం గీస్తున్నావు? దయచేసి రాజ్యాన్ని ఇంకో ఊరు పంపించెయ్యి. ఏ అమ్మమ్మ గారింటికో.

అమ్మ పత్రిక ముట్టుకోదు. ఈ మధ్య పాత నూలు చీరలు చింపి, మడతలు పెట్టి నా పుస్తకాల బల్ల కింద పెడుతోంది, బల్ల తుడుచుకోమని. అన్ని గుడ్డలతో తుడిస్తే బల్ల అరిగిపోతుంది.

మిరప కోతలు మొదలయ్యాయి. ఊరంతా తుమ్ములు.

శ్రీరమ్య


హైదరాబాదు,
24-2-2000

రమ్యా,

మీ నాన్న కబురు చదివి ముందు పకపకా నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. మీసాలాయన మా నాన్న, అంటే మీ తాతయ్య. రెండు అర్థాల మాట కదా, మొదటి అర్థం చూపించి రెండో అర్థంలోకి దిగుదామనుకున్నాను. మీ నాన్న మొదటి మెట్టు మీదే మంచం వేసుకుని కూర్చుంటాడని ఊహించలేదు.

ఆయన ఒక్కడే కాదు. ఉత్తరాలు వస్తున్నాయి, అన్నీ మగవాళ్ళవే. మా ఊరి పెద్ద కూడా ఇంతే, తీర్పులు ఇంకా పెట్టండి అని. ఎడిటర్ గారు నన్ను పిలిచి కుర్చీ చూపించాడు. ఇన్నేళ్ళలో ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు. "ఆ పిల్లని తీసెయ్యమ్మా. ముసలాయన కథే నడుపు. ఏడాది పొడుగునా వేస్తా" అన్నాడు. తీయకపోతే అని అడిగాను. "పేజీ తీస్తా" అన్నాడు, టీ తాగుతూనే.

నిజం చెప్తున్నాను, భయమేసింది. ఈ ఉద్యోగం పోతే హాస్టల్ ఖాళీ చెయ్యాలి. ఖాళీ చేసి ఎక్కడికి వెళ్ళను? రెండు రోజులు ముసలాయన్నే గీసి చూశాను. మీసాలు భలే వచ్చాయి. కానీ ఎక్కడ గీసినా వెనక ఒక కిటికీ దానంతటదే వచ్చేస్తోంది. కిటికీ ఖాళీగా ఉంచితే ఇల్లు పాడుబడినట్టుంది.

రాజ్యాన్ని తియ్యలేదు. తియ్యను. ఎక్కడికీ పంపను కూడా. నాకు ఒకసారి జరిగిందే చాలు.

నీ గురించి ఏమీ ఉండదని ఒట్టేశాను, ఆ ఒట్టు మీదే ఉన్నాను. కొన్ని పేజీలు ముందే ఇచ్చేశాను, వెనక్కి తీసుకోలేను. నువ్వు ధైర్యంగా ఉండు. నేనూ ఉన్నట్టు నటిస్తాను.

పిన్ని


కాకర్లవారిపాలెం,
19-3-2000, ఆదివారం

కోటేశ్వరి పిన్ని గారికి,

ఇకనుంచి మిమ్మల్ని మీరు అనే రాస్తాను.

ఈ గురువారం పేజీ చూశాను. రాజ్యం పత్తి గదిలో తలుపు వెనక కూర్చుని, పత్తిలోంచి గింజలు ఏరి ఒక పక్కకి పోస్తోంది. గుడ్డలో పెట్టుకోవడానికి. బయట ముసలమ్మ ఎలుకల బోను పట్టుకుని నిలబడింది.

ఆ ఎలుకని నేనే. మీకు రాసిన మొదటి ఉత్తరంలో ఎలుకలు పడ్డాయని మాత్రమే రాశాను. అది నేనేనని రాయలేదు. సిగ్గేసి ఖుర్షిదాకి కూడా చెప్పలేదు. మరి మీకెలా తెలిసింది? గింజల కుప్పతో సహా ఎలా గీశారు? నాయనమ్మకి పోయిన నెల అచ్చం అలాంటి కుప్పే దొరికింది. "గింజలు వదిలేసి పత్తి తినే ఎలుకని నా జన్మలో చూళ్ళేదు" అని ఊరంతా చెప్పింది. ఎలుకలు గింజలు తిని పత్తి వదిలేస్తాయి కదా. అమ్మ పక్కనుంచి "కొత్త రకం ఎలుకలత్తయ్యా" అంటే ఊరుకుంది.

మీకు ఎవరు చెప్తున్నారు? మా ఊళ్ళో ఎవరైనా నన్ను చూస్తూ మీకు రాస్తున్నారా? మూడు రోజులుగా వెనక్కి తిరిగి చూసుకుంటూ నడుస్తున్నాను.

సైకిల్ షాపు దగ్గర ఏం చేశానో కూడా రాస్తాను. మీరు రాసిన మాటలు నేను చదవడం మానేసి చాలా వారాలైంది. బొమ్మలు మీవి, మాటలు నావి. బుడగల్లో ఉన్నది ఒకటైతే నేను పైకి చదివేది ఇంకొకటి. పెద్దమనిషి చేత బోలెడు తీర్పులు చెప్పించాను. నాన్నకి తెగ నచ్చాయి. కొన్ని తనే అన్నానని ఇప్పుడు నమ్ముతున్నాడు. పత్తి గది పేజీ వచ్చేసరికి కొత్తగా కల్పించాల్సి వచ్చింది. ఐసు బండి వాడికి పత్తి వేసి ఐసు కొనుక్కుంటారు కదా పిల్లలు, రాజ్యం అందుకోసం పత్తి దొంగతనం చేస్తోందని చదివాను. నాన్న "దొంగముండ" అని ముద్దుగా తిట్టాడు.

అప్పుడు ఖాదర్ వలిగారు చెయ్యి చాపి పత్రిక తీసుకున్నారు. ఆయనకి చదువొచ్చు. పేజీ అంతా నిదానంగా చూశారు. ఆయన పత్రిక మడిచి నా చేతికిచ్చి, "నువ్వు చదువుతుంటే వినడమే బాగుందమ్మా" అన్నారు. అంతే.

ఇంటికొచ్చాక అమ్మ నా చేతిలోంచి పత్రిక తీసుకుంది. ఎప్పుడూ ముట్టుకోనిది. వంటింట్లో నిలబడి చాలాసేపు చూసింది, కూర మాడుతున్నా చూసుకోలేదు. తర్వాత ఆ పేజీ జాగ్రత్తగా చింపి ఎక్కడో పెట్టేసింది. అప్పట్నుంచి నాతో మామూలుగానే మాట్లాడుతోంది. ఆ మామూలే నాకు భయంగా ఉంది.

నా బడి పోతే, మీ వల్లే పోయినట్టు.

ఇట్లు,
శ్రీరమ్య


హైదరాబాదు,
27-3-2000

రమ్యా,

నన్ను మీరు అనకు. ఆ అక్షరం చూసినప్పట్నుంచి అన్నం సహించడం లేదు.

నాకు ఎవరూ చెప్పలేదు. ఆ పత్తి గది మీ ఇంట్లోది కాదు, మా పుట్టింట్లోది. ఆ గింజలు ఏరింది నేను. బోను పెట్టింది మా అమ్మ. ఎలుకలని మా ఇంట్లోనూ అనుకున్నారు. మూడు పత్తి తీతలు దాచుకోగలిగాను. నువ్వూ అదే పని చేస్తున్నావని నాకు నీ ఉత్తరం చూసేదాకా తెలీదు. ఇరవయ్యేళ్ళు గడిచినా అదే గది, అదే తలుపు వెనక, అదే పిల్ల.

ఇప్పుడిక మిగతాది కూడా చెప్పాలి. నన్ను ఆ గదిలో ఒక్కసారి ఒక్క మనిషి చూసింది. మీ అమ్మ. మా అక్క. చూసి, ఏమీ అనకుండా తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకి నేను బడి నుంచి వచ్చేసరికి వాకిట్లో తాటాకు చాప పరిచి ఉంది. అక్క గుమ్మంలో నిలబడి తల వంచుకుంది. ఎవరు చెప్పారో ఇంకా అడగాలా? నేను అడగలేదు. ఆ తర్వాత అక్కతో ఏదీ సరిగ్గా మాట్లాడలేదు. ఆ కోపం పెరిగి పెరిగి నాకంటే పెద్దదైంది.

అందుకే మీ అమ్మ ఆ పేజీ చింపి దాచిందంటే భయమేస్తోంది. అక్కకి అది నా కథ అని తెలిసిపోయింది. నా కథ తెలిస్తే మీ పత్తి గదిలో ఎలుక ఎవరో తెలుసుకోవడానికి ఎంతసేపు? అప్పుడు చెప్పిన మనిషి ఇప్పుడు చెప్పదా?

ఇంకొక భయం. ఎడిటర్ గారు కథ ముగించమన్నాడు. పత్తి గది పేజీకి తిట్లు వచ్చాయట, ఇంట్లో ఆడపిల్లలున్నారని. ఆఖరి పేజీ ఇచ్చేశాను, ఏప్రిల్ పదమూడు సంచికలో వస్తుంది. అందులో గుమ్మంలో నిలబడి రాజ్యం వైపు వేలు చూపిస్తున్న అక్క ఉంది. అచ్చం మీ అమ్మ ముక్కే. కోపంతో గీశాను. ఇప్పుడు వెనక్కి అడిగితే అచ్చు వెయ్యడానికి బ్లాకు తయారైపోయిందన్నారు.

ఆ గురువారం ఒంట్లో బాగాలేదని పడుకో. పత్రిక తీసుకురావద్దని చెప్పు. ఏదో ఒకటి చెయ్యి. నేను ఇక్కడ చెయ్యగలిగింది ఏమీ లేదు.

పిన్ని


కాకర్లవారిపాలెం,
16-4-2000, ఆదివారం

పిన్నీ,

మళ్ళీ నువ్వు అంటున్నాను. గమనించు.

పడుకోలేకపోయాను. గురువారం నాన్నే ఆటోలో వెళ్ళి పత్రిక తెచ్చాడు. ఆఖరి పేజీ అని ఎవరో చెప్పారట, సైకిల్ షాపు ముందు పదిమంది పోగయ్యారు. మిరపకాయల లారీ ఎక్కించే వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. పేజీ విప్పాను. మంచం మీద మీసాలాయన. గుమ్మంలో వేలు చూపిస్తున్న అమ్మ ముక్కు. మధ్యలో తల వంచుకున్న రాజ్యం. కింద చాప.

మాటలు అచ్చులో ఉన్నట్టే చదివితే నా పని అయిపోయేది. ఏం చదవాలో ముందుగా ఏమీ అనుకోలేదు. నోరు తెరిస్తే వచ్చింది.

పత్తి దొంగ దొరికిందని, ఐసుకి కాదు, పుస్తకాలకి పత్తి అమ్ముకుందని చదివాను. ఇంత తెగించిన పిల్లని రేపట్నుంచి బడి మాన్పించాలని అందరూ అంటున్నారని చదివాను. అక్కడ ఆపాను. ఆఖరి గడిలో పెద్దమనిషి నోరు మూసుకునే ఉన్నాడు పిన్నీ, నువ్వు ఆయనకి బుడగే వెయ్యలేదు.

"తర్వాత?" అన్నాడు నాన్న.

"ఇక్కడ తీర్పు లేదు నాన్నా. ఖాళీగా వదిలేశారు" అన్నాను. ఆ ఒక్క మాటా నిజమే చదివాను.

"అదేంటి, తీర్పు లేకుండా కథేంటి" అని అందరూ గోల. మీరు చెప్పండి అన్నారు నాన్నతో. నాన్న మీసం సర్దుకున్నాడు. పేజీ దూరంగా పట్టుకుని రాజ్యాన్ని చాలాసేపు చూశాడు.

"పుస్తకాల కోసం దొంగతనం చేసిన పిల్లని బడి మాన్పిస్తే, ఇంక దొంగతనమే మిగుల్తుంది దానికి" అన్నాడు. "బడి మాన్పించడానికి వీల్లేదు. ఇదీ నా తీర్పు."

ఖాదర్ వలిగారు సైకిల్ చక్రం తిప్పుతున్నవారు ఆపారు. "వెంకటనారాయణగారూ, మీ మాట మేమంతా విన్నాం" అన్నారు. "రేపు ఎవరింట్లో ఆడపిల్లకైనా ఇదే మాట కదా?"

"నా మాట ఎప్పుడు మారింది?" అన్నాడు నాన్న కోపంగా.

ఖుర్షిదా షాపు లోపలి నుంచి నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను.

ఇంటికి వచ్చాను. హారిక నాకంటే ముందే పరిగెత్తి కథంతా అమ్మకి చెప్పేసింది. అమ్మ నన్ను పత్తి గదిలోకి రమ్మంది. పత్తి అమ్మేశాక గది ఖాళీగా ఉంది, మూల బోను తప్ప.

"ఐసు బండి సంగతి నీకెవరు చెప్పారు?" అంది.

ఎవరూ చెప్పలేదు, నేనే కల్పించానన్నాను. అమ్మ నమ్మలేదు. జాకెట్టు చెయ్యి పైకి లాగి మోచేతి మీద మచ్చ చూపించింది. ఆ మచ్చ నేను పుట్టినప్పట్నుంచి చూస్తున్నదే, మెట్ల మీద పడ్డానని చెప్పేది. పత్తి ఐసు బండికి వేస్తున్నావని అమ్మమ్మ కొట్టిన దెబ్బట అది. ఎన్ని తిన్నా కాదని చెప్పలేదట. కాదంటే ఎవరని అడుగుతారు కదా. అమ్మ చేత చెప్పించలేక అమ్మమ్మే మర్నాడు తలుపు వెనక నిలబడి నిన్ను చూసింది. నువ్వు ఆ దెబ్బలు చూడలేదు పిన్నీ. బడిలో ఉన్నావు.

గుమ్మంలో తల వంచుకుంది నీ మీద చెప్పినందుకు కాదు. చెయ్యి వాచిపోయి, ఆ నొప్పికి తల ఎత్తలేకపోయిందట.

అమ్మ ఏడవలేదు. ఆఖరి పేజీ చేతిలో పట్టుకుని, "ముక్కు బాగా వచ్చింది. వేలు మాత్రం నాది కాదు" అంది. పుస్తకం వేసేటప్పుడు ఆ వేలు తీసెయ్యమని నీకు రాయమంది.

అప్పుడు అడిగాను, నా సంగతి ఎప్పుడు తెలిసిందని. దసరా నుంచీ తెలుసట. బల్ల కింద గుడ్డలు ఎందుకు పెట్టాననుకున్నావు అంది. పత్తి గదిలో ఎలుకలున్నాయని నాయనమ్మకి మొదట చెప్పింది కూడా అమ్మేనట. చెల్లెలి విషయంలో నేర్చుకున్న అబద్ధం, కూతురికి పనికొచ్చింది అంది. నాకు చెప్పచ్చు కదా అన్నాను.

"చెప్తే ఇద్దరం భయపడాలి. ఒకళ్ళం భయపడితే చాల్లే అనుకున్నా" అంది. తనొక్కతే భయపడుతున్నానని అమ్మ అనుకుంది, నేనొక్కదాన్నే అని నేను అనుకున్నాను.

నాన్నకి చెప్పేద్దామా, తీర్పు చెప్పేశాడు కదా అన్నాను. అమ్మ బోను వైపు చూసింది.

"మీ నాన్న మాట మీద నాకు నమ్మకమే. మీ నాయనమ్మ మీదే లేదు. నీ పదో తరగతి పరీక్షలు అయ్యేదాకా మన ఇంట్లో ఎలుకలే" అంది.

శ్రీరమ్య

తా.క. ఈ ఉత్తరం అమ్మే పోస్టు చేస్తోంది. అడ్రసు కూడా తనే రాసింది. కవరు మీద అక్షరాలు చూసుకో.


కాకర్లవారిపాలెం,
24-12-2006, ఆదివారం

పిన్నీ,

యూనివర్సిటీ సెలవులకి ఇంటికి వచ్చేసరికి నీ పార్సిల్ వచ్చి ఉంది. 'పెద్దమనిషి', ఈశ్వరి బొమ్మల నవల. అట్ట వాసన చూశాను, సిరా వాసన చూశాను, తర్వాత చదివాను. ఆరేళ్ళు ఎంతమంది ప్రచురణకర్తల మెట్లు ఎక్కావో, పొట్టకూటికి ఎన్ని సబ్బుల ప్రకటనలు గీశావో నీ ఉత్తరాల్లో చదివాను కాబట్టి, పుస్తకం చిన్నదైనా చేతికి బరువుగానే తగిలింది. ఆఖరి పేజీలో వేలు లేదు. అక్క రెండు చేతులూ గుమ్మానికి అడ్డంగా చాపి నిలబడింది. బుడగలో 'ఎలుకలమ్మా' అని ఒకటే మాట. అమ్మ ఆ పేజీ చూసి, కాళ్ళు పొడుగయ్యాయి అంది. పండక్కి వస్తున్నావు కదా అని పదిసార్లు అడిగించింది.

అసలు రాయాల్సింది ఇది కాదు. నాన్నకి ఈ ఏడు కంటి ఆపరేషను అయింది. ఇప్పుడు చిన్న అక్షరాలు కూడా చదువుతున్నాడు. నేను చూసేసరికి పుస్తకం ఆయన చేతిలో ఉంది. అరుగు మీద కూర్చుని మొదటి నుంచీ చదువుతున్నాడు. నాకు మళ్ళీ తొమ్మిదో తరగతి భయం వచ్చింది. చేటలో మిరపకాయలు తొడిమలు తీస్తున్న అమ్మ చేతులు ఆగిపోయాయి. పక్కన లెక్కలు చేసుకుంటున్న హారిక కూడా తల ఎత్తలేదు. అది ఇప్పుడు ఎనిమిదో తరగతి.

నాన్న ఆఖరి పేజీ దాకా చదివాడు. వెనక్కి తిప్పి పత్తి గది పేజీ మళ్ళీ చూశాడు.

"ఇందులో నా తీర్పు ఏదమ్మా?" అన్నాడు.

"అది పిన్ని రాయలేదు నాన్నా."

"మరి నువ్వు చదివినవన్నీ?"

నాన్న నన్ను చూశాడు, అమ్మని చూశాడు, తర్వాత లెక్కల పుస్తకంలోకి మరీ వంగిపోయిన హారికని చూశాడు. పుస్తకం మూసి అరుగు మీద పెట్టి లేచాడు. పత్తి గదిలోకి వెళ్ళి, నాయనమ్మ పొద్దున్నే పెట్టిన బోను తీసుకొచ్చి, నిచ్చెన వేసి అటక మీదకి ఎక్కించాడు.

"అదెందుకు తీశావురా? లోపల ఎలుకలున్నాయి" అంది నాయనమ్మ.

"ఉంటే ఉండనీ అమ్మా" అన్నాడు నాన్న.

శ్రీరమ్య